పెరటి కోళ్లలో ప్రేగు పురుగులు - పంచాయతీ చేయదగిన పని

మన గ్రామములలో కోళ్లు లేని పేట అరుదు. పదియెకరముల రైతు పెరటిలోను, సెంటు భూమియైనను లేని కూలీ గుడిసె ముంగిటను నాలుగైదు పెట్టలు, ఒక పుంజు తిరుగుచునే యుండును. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారము దేశమున కోళ్లు మొదలగు పెంపుడు పక్షులు మొత్తము 85 కోట్లకు పైగా నుండగా, వానిలో ఇంచుమించు 31 కోట్ల 70 లక్షలు పెరళ్లలో పెరుగునవే. ఫారములలో వేల సంఖ్యలో పెంచు కోళ్లకు వైద్యుడు, మందు, లెక్క పుస్తకము ఉండును. పెరటి కోళ్లకు ఆ మూడును లేవు. వానిని చూచుకొనునది సాధారణముగ ఇల్లాలే. గ్రుడ్లు అమ్మిన పైకము, పండుగకు పుంజును అమ్మిన పైకము ఆమె చేతిలోనే యుండి, పిల్లల పుస్తకములకును, ఆకస్మికముగ వచ్చు వైద్యపు ఖర్చులకును ఉపకరించును.

కొక్కెర తెగులు వచ్చి ఒక వారములో పేటలోని కోళ్లన్నియు చచ్చిన యెడల గ్రామమంతయు గగ్గోలుపడును. పశువైద్యునికి కబురు పోవును. పంచాయతీలో ఆ మాట వచ్చును. ప్రేగు పురుగుల సంగతి అట్టిది కాదు. కోడి తినుచునే యుండును, తిరుగుచునే యుండును, కాని కండ పట్టదు. నెలకు పండ్రెండు గ్రుడ్లు పెట్టవలసిన పెట్ట ఆరేడుతో సరిపెట్టును. పొదిగిన పది పిల్లలలో నలుగురైదుగురు పొరుగువారు చూచుచుండగనే ఒక్కొక్కటిగ కృశించి పోవును. దానిని గ్రద్ద తన్నుకొనిపోయినదనియో, వాన దెబ్బయనియో సరిపెట్టుకొందురు. పురుగుల వలన నష్టపోయితిమని పంచాయతీకి ఫిర్యాదు చేసిన ఇల్లాలిని ఎవరును చూచి యుండరు.

మందులు లేవా యన్నచో, ఉన్నవి. ఖరీదైనవి కూడ కావు. అక్కడక్కడ శ్రద్ధగల గృహిణులు మందు త్రాగించుచునే యున్నారు. అయినను రెండు నెలలు తిరుగునప్పటికి ఆ కోళ్లలోనే మరల పురుగులు కనబడుచున్నవి. దీనికి కారణము మందులో లేదు, నేలలో ఉన్నది. ఆ నేల ఒక ఇంటిది కాదు. ఒక ఇంటి కోడి ప్రొద్దుట గంప క్రిందినుండి వెలువడి, సాయంకాలము వరకు పది ఇండ్ల పెరళ్లు, వీధి, పెంటకుప్పలు, కాలువ గట్టు కెలకి తిరిగివచ్చును. కావున ఒక ఇంటివారు చేయు వైద్యము పొరుగింటి రెట్టతో వ్యర్థమగును. పేట మొత్తమునకు ఒకే రోజున మందు వేయించుట, ఆ పేట నేలను శుభ్రపరచుట అను రెండు పనులు కలిసి జరిగిననే ఫలితము దక్కును. ఈ రెండింటిని సమకూర్చగలది పంచాయతీయే. 1992లో చేయబడి 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను 11వ షెడ్యూలులో చేర్చినది. వానిలో నాలుగవది పశుపోషణ, పాడి, కోళ్ల పెంపకము. కోళ్ల సంగతి పంచాయతీకేల యని ఎవరైన ప్రశ్నించిన యెడల ఈ ఒక్క మాట చాలును.

ఏలికపాము కథ

కోడి ప్రేగులలో కానవచ్చు గుండ్రని పురుగులలో మిక్కిలి పెద్దది, తరచుగ కనబడునది ఏలికపాము. శాస్త్రజ్ఞులు దీనిని అస్కారిడియా గల్లి అందురు. 1788లో ష్రాంక్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించెను. ఇది చిన్నప్రేగులో నివసించును. పసుపు కలిసిన తెలుపు రంగున, కొబ్బరి ఈనెవలె నుండి, 5 మొదలు 12 సెంటీమీటర్ల వరకు పొడవు పెరుగును. మగపురుగు చిన్నది, ఆడపురుగు పెద్దది. ఇవి కొలదిగ నున్నప్పుడు ముదురు కోడికి అంతగా బాధ ఉండదు. లేత కోడి ప్రేగులో గుంపుగ చేరినప్పుడు మాత్రము త్రాడు పేనినట్లు పెనవేసుకొని ప్రేగును మూసివేయుటయు కలదు.

మనుష్యులలోని ఏలికపాము వేరు, కోడిలోని ఏలికపాము వేరు. కోళ్లలోనిది మనుష్యులకు అంటదు. అప్పుడప్పుడు పురుగు కోడి గర్భాశయ మార్గములోనికి ప్రాకి, గ్రుడ్డు లోపల చిక్కుకొని బయటపడుట కూడ జరుగును. అట్టి గ్రుడ్డును చూచి భయపడవలసిన పనిలేదు, అరిష్టమని తలంపనక్కరలేదు. ఆ పెట్టకు మందు వేయవలసిన సమయము వచ్చినదని మాత్రము గ్రహించిన చాలును.

ఈ పురుగు ఏ విధముగ ఒక కోడినుండి మరియొక కోడికి చేరునో సభ్యులు శ్రద్ధగ తెలిసికొనవలెను, ఏలయన నివారణోపాయమంతయు అందులోనే యున్నది. ఆడపురుగు పెట్టు గ్రుడ్లు కంటికి కనబడనంత చిన్నవి. అవి రెట్టతో నేలపై పడును. పడిన నాడు వానివలన ప్రమాదము లేదు. తడి, వెచ్చదనము గల నేలలో 10 మొదలు 20 దినములుండిన పిదప గ్రుడ్డు లోపల పిల్లపురుగు తయారగును. అప్పటినుండియే ఆ గ్రుడ్డు అపాయకరము. కోడి గింజలతో పాటు, మురికి నీటితో పాటు దానిని మ్రింగును. ఒక్కొక్కప్పుడు వానపాము ఆ గ్రుడ్డును మ్రింగియుండగా, ఆ వానపామును కోడి తినును. ప్రేగులో గ్రుడ్డు పగిలి వెలువడిన పిల్లపురుగు రెండవ వారమున ప్రేగు లోపలి పొరలోనికి దూరును. కోడిపిల్లకు మిక్కిలి హాని జరుగునది ఈ దశలోనే. పొర చీలి నెత్తురు కారును, తిన్నది ఒంటబట్టదు. తరువాత పురుగు తిరిగి ప్రేగు నాళములోనికి వచ్చి, మ్రింగబడిన నాటినుండి 5 మొదలు 8 వారములకు పెద్దదై తాను గ్రుడ్లు పెట్టనారంభించును.

పై లెక్కనుండి రెండు విషయములు తేలుచున్నవి. గూటిలోను గంప క్రిందను పడిన రెట్టను వారమునకొకసారి ఎత్తివేసిన యెడల, అందులోని గ్రుడ్లు అపాయకరములు కాకముందే తొలగిపోవును. రోజును విడిచి రోజు ఎత్తుట ఇంకను మేలు. రెండవది, నేలలో పడిన గ్రుడ్లు నీడను, తేమను ఆశ్రయించి నెలల తరబడి, అనుకూలమైనచో సంవత్సరమునకు మించి కూడ బ్రతుకును. సామాన్యముగ వాడు క్రిమిసంహారక ద్రావకములు వాని పెంకును ఛేదింపజాలవు. వాని శత్రువులు ఎండయు, పొడినేలయు, ఎరువు గోతిలో పుట్టు వేడియు మాత్రమే.

మూడు నెలల లోపు పిల్లలకు ఈ పురుగు వలన ప్రమాదమెక్కువ. ఆ వయస్సు దాటిన కోళ్లకు కొంత తట్టుకొను శక్తి కలుగును. కాని ముదురు పెట్ట పైకి ఆరోగ్యముగ నున్నను దాని కడుపులోని పురుగులు గ్రుడ్లు పెట్టుచునే యుండును. ఆ గ్రుడ్లు తన పిల్లలు తిరుగు నేలమీదనే పడును. తల్లికి మందు వేయక పిల్లలకు మాత్రము వేయుట యందుచేతనే చాలదు.

మిగిలిన పురుగులు

ఏలికపాము తరువాత లెక్కింపవలసినవి బద్దెపురుగులు. ఇవి నాడావలె బల్లపరుపుగ, కణుపులు కణుపులుగ నుండును. తలతో ప్రేగుగోడను కరచుకొని, వెనుక కణుపులను ఒక్కొక్కటిగ రెట్టలోనికి విడుచును. తాజా రెట్టపై బియ్యపు నూక వంటి తెల్లని తునుకలు కనబడిన యెడల అవి ఈ పురుగులవే. వీనిలో కొన్ని 25 సెంటీమీటర్ల వరకు పెరుగును. ఒక జాతి తల దూర్చిన చోట ప్రేగుగోడ బుడిపెలు కట్టును. వానిని చూచి క్షయ యని పొరబడువారు కలరు. మరియొక జాతి 4 మిల్లీమీటర్లకు మించనిదైనను, అన్నిటికంటె ఎక్కువ కీడు చేయును.

బద్దెపురుగు కోడినుండి కోడికి నేరుగ పోజాలదు. దాని గ్రుడ్డును మొదట చీమయో, పేడపురుగో, ఈగయో, నత్తయో తినవలెను. ఆ జీవిని కోడి తినవలెను. కావున కోళ్ల గూటిని చీమల పుట్ట దగ్గర కట్టుట, గూటి చుట్టును నూకలు వెదజల్లి చీమలను పిలుచుట తగదు. కోడి పురుగులను ఏరుకొని తినుట దాని సహజ గుణము. దానికి కావలసిన మాంసకృత్తులు కొంతవరకు అందుండియే లభించును. దానిని మాన్పజూచుట అవివేకము. చేయదగినది గూటికి దగ్గరగ నుండు పుట్టలను, పేడకుప్పలను తొలగించుట మాత్రమే.

కోడికి చిన్నప్రేగు చివర రెండు గుడ్డిప్రేగులు కలవు. వాని కొనలలో ఒక సెంటీమీటరు పొడవు గల దారపు పోగుల వంటి పురుగులుండును. ఇవి కోడిని అంతగా బాధింపవు. కాని సీమకోళ్లను చంపు ఒక వ్యాధి క్రిమి ఈ పురుగుల గ్రుడ్లలో దాగి వ్యాపించును. కావున సీమకోళ్లను పెంచువారు వానిని నాటుకోళ్లతో కలిపి తిరుగనీయరాదు. వెండ్రుకవంటి సన్నని పురుగులు మరికొన్ని కలవు. అవి కంటికి సులభముగ ఆనవు గాని, ఎక్కువైనచో కోడిని బాగుగ కృశింపజేయును.

ఎట్లు గుర్తింపవలెను

రొమ్ము ఎముక కత్తివలె తేలుట, తురాయి పాలిపోవుట, రెక్కలు వ్రేలవేసి మూలనుండుట, ఈకలు కళతప్పుట, రెట్ట పలుచనగుట, గ్రుడ్లు తగ్గుట ఇవి లక్షణములు. అయితే ఈ లక్షణములు చాలీచాలని మేతవలనను కలుగవచ్చును. ఒక్క లక్షణమును చూచి మందు సీసా తెరచుట సరికాదు.

నిశ్చయముగ తెలిసికొనుటకు గ్రామస్థులకు సులభమైన మార్గమొకటి కలదు. పండుగలకో, చుట్టములు వచ్చినప్పుడో ఇంట కోడిని కోయుచునే యుందురు. ఆ ప్రేగులను పారవేయక, కందనకాయకు దిగువనున్న భాగమును కత్తెరతో నిలువున చీల్చి, పళ్లెములోని నీటిలో విప్పి చూడవలెను. ఏలికపాములును, బద్దెపురుగులును స్పష్టముగ కనబడును. గుడ్డిప్రేగుల కొనలను కూడ చీల్చి చూడవలెను. సంక్రాంతి దినములలో ఒక్కొక్క వార్డు సభ్యుడు ఐదారు ఇండ్లలో ఈ విధముగ చూచి వ్రాసికొనిన యెడల ఆ ఊరి కోళ్లలో పురుగుల పీడ ఎంతయున్నదో తెలియును. చూచిన తరువాత ప్రేగులను కుక్కలకు, కోళ్లకు వేయక గోతిలో పూడ్చవలెను.

బ్రతికియున్న కోళ్ల విషయములో రెట్ట పరీక్షయే మార్గము. వేర్వేరు ఇండ్లనుండి తాజా రెట్టను చిన్న డబ్బాలలో ఎత్తి, ఇంటి గుర్తు వ్రాసి, ఆనాడే పశువైద్యశాలకు పంపిన యెడల సూక్ష్మదర్శినితో చూచి చెప్పుదురు.

ఒక హెచ్చరిక. మూడు నాలుగు వారముల పిల్లలు ముడుచుకొని కూర్చుండి నెత్తురు రెట్ట వేసిన యెడల అది సాధారణముగ పురుగుల పని కాదు, కాక్సిడియోసిస్ అను వ్యాధి. దానికి కారణము ఏకకణ జీవి. పురుగుల మందు దానిపై పనిచేయదు. ఆ తేడా తెలియక మందు వేసి కాలయాపన చేయుటచే పిల్లలు చచ్చుచున్నవి. అట్టి స్థితిలో వెంటనే వైద్యునికి చూపవలెను.

మందు, మోతాదు

పిపరజీను అను మందు 1950 దశకమునుండి వాడుకలో నున్నది. ఇది ఏలికపామును చంపదు; దానికి పక్షవాతము కలుగజేయగా, పట్టుతప్పిన పురుగు రెట్టతో వెలువడును. 6 వారముల లోపు పిల్లకు 50 మిల్లీగ్రాములు, అంతకు మించిన కోడికి 100 మిల్లీగ్రాములు వాడుకలో నున్న మోతాదు. ఇది ప్రేగు నాళములోని పెద్ద పురుగులపైననే పనిచేయును. పొరలో దూరియున్న పిల్లపురుగులు తప్పించుకొనును. అందుచే సుమారు 3 వారములకు మరల వేయవలెను. బద్దెపురుగులపై దీని ప్రభావము లేదు.

ఆల్బెండజోలు, ఫెన్‌బెండజోలు, లెవమిసోలు అనునవి తరువాత వచ్చినవి. ఇవి ఇంకను ఎక్కువ జాతుల పురుగులపై పనిచేయును. ఆల్బెండజోలు ఏలికపాములకు కోడి బరువులో కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చుట పరిపాటి. బద్దెపురుగులకు ఇంతకంటె హెచ్చు మోతాదు గాని, ప్రాజిక్వాంటెల్ వంటి వేరు మందు గాని కావలసియుండును. ఏది వేయవలెనో రెట్ట పరీక్షను బట్టి వైద్యుడు నిర్ణయించును.

మోతాదు విషయమున గ్రామములలో జరుగు పొరపాట్లన్నియు ఒక్క కారణమునుండియే పుట్టుచున్నవి. సీసాపై వ్రాసియున్న శాతమును ఎవరును చదువరు. 2.5 శాతము ఆల్బెండజోలు ద్రావకములో ఒక మిల్లీలీటరునకు 25 మిల్లీగ్రాముల మందుండును. కిలోన్నర బరువు గల పెట్టకు కావలసినది 15 మిల్లీగ్రాములు; అనగా 0.6 మిల్లీలీటరు. అదే మందు 10 శాతము సీసాలో నున్నచో 0.15 మిల్లీలీటరు చాలును. రెండు సీసాలును ఒకే తీరున కనబడును. చెంచాతో ఉజ్జాయింపుగ పోయువారు ఒక కోడికి చాలని మందు, మరియొక దానికి నాలుగింతల మందు వేయుచున్నారు. చాలని మందు వేయుట వలన పురుగులు చావకపోవుటయే గాక, ఆ మందునకు లొంగని పురుగుల సంతతి మిగులును. కావున సూది తీసివేసిన 1 మిల్లీలీటరు సిరంజియు, కోడిని తూచుటకు ఒక కొక్కెపు త్రాసును తప్పక ఉండవలెను.

పాఠశాలలలోను, అంగన్‌వాడీలలోను పిల్లలకిచ్చు ఆల్బెండజోలు మాత్ర 400 మిల్లీగ్రాములది. ఒక్క మాత్రలోని మందు పై పెట్ట వంటి 26 కోళ్లకు సరిపోవును! దానిని గోటితో తుంచి కోడికి వేయుట ఎంత ప్రమాదకరమో దీనినిబట్టి గ్రహింపవచ్చును. పిల్లల మాత్రలను కోళ్లకు మళ్లించుట ఏ దృష్టిలో చూచినను తప్పే. అటులనే పశువులకు వేయు ఇంజక్షను మందును కోళ్లకు పొడుచుట కూడ తగదు.

ఫారములలో మందును త్రాగునీటిలో కలుపుదురు. పెరటి కోళ్లకు ఆ పద్ధతి నమ్మదగినది కాదు. అవి మన కుండలోని మందు నీటిని వదలి కాలువ నీరు త్రాగును. తెల్లవారుజామున గంప తీయకముందే ఒక్కొక్క కోడిని పట్టి త్రాగించుట ఉత్తమము. ఒకరు కోడిని చంకలో ఇమిడించి పట్టుకొనగా, మరియొకరు ముక్కు ప్రక్కనుండి సిరంజి కొన చొప్పించి, కొద్దికొద్దిగ మ్రింగనిచ్చుచు పోయవలెను. నాలుక మొదట నున్నది శ్వాసనాళపు ద్వారము. తల వెనుకకు విరిచి ఒక్కసారి పోసిన యెడల మందు ఊపిరితిత్తులలోనికి పోయి కోడి చచ్చును.

మందు వేసిన దినమంతయు కోళ్లను గూటిలోనే యుంచి మేత, నీరు అక్కడనే పెట్టవలెను. ఆ దినమున పడు రెట్టలో పురుగులు, వాని గ్రుడ్లు విశేషముగ నుండును. దానిని ఎత్తి ఎరువు గోతి లోపల పూడ్చవలెను. ఈ ఒక్క పనిని విస్మరించిన యెడల మందు పేరిట పురుగుల గ్రుడ్లను వీధినిండ వెదజల్లినట్లగును. మందు వేసిన తరువాత ఎన్ని దినముల వరకు గ్రుడ్లను, మాంసమును తినరాదో సీసాపై వ్రాసియుండును. లేనిచో వైద్యుని అడిగి ఇంటింట చెప్పవలెను.

నాటువైద్యము సంగతి కూడ చెప్పవలసియున్నది. బొప్పాయి పాలకు ఏలికపాములపై కొంత ప్రభావము కలదని పరీక్షలలో కనబడినది. కాని ఒక్కొక్క చెట్టు పాలలో సారమొక్కొక్క తీరున నుండుటచే మోతాదు నిర్ణయించుట కష్టము. పూర్వపు కోళ్ల పెంపకపు గ్రంథములలో పొగాకు పొడిని మేతలో కలుపుమని వ్రాసిరి. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పొగాకు సులభముగ దొరకును గనుక ఈ ఊహ ఇప్పటికిని కొందరికి కలుగవచ్చును. పొగాకులోని నికోటిను విషము. నేడు మంచి మందులుండగా దానిని వాడుట మాని వేయవలెను.

కొక్కెర టీకాకును దీనికిని గల సంబంధము

1926లో ఇంగ్లండునందలి న్యూకాజిల్ ప్రాంతమునను, జావా ద్వీపమునను బయటపడిన కోళ్ల తెగులు కొలది కాలములోనే మన దేశమున కుమావూను కొండలలోని రాణీఖేతులో కానవచ్చి, ఆ ఊరి పేరనే ప్రసిద్ధి చెందినది. మనము దానినే కొక్కెర తెగులందుము. దానికి చికిత్స లేదు, టీకా ఒక్కటే రక్ష. టీకా వేసినంత మాత్రమున రక్ష కలుగదు; కోడి శరీరము ఆ టీకాకు స్పందించి నిరోధకశక్తిని తయారుచేసికొనవలెను. ఏలికపాములున్న కోళ్లలో ఈ స్పందన తగ్గుచున్నదని డెన్మార్కు శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిన పరిశోధనలో తేలినది. "టీకా వేయించితిమి, అయినను కోళ్లు చచ్చినవి" అను మాట మన గ్రామములలో తరచుగ వినబడును. అందుకు టీకా చల్లదనము చెడుట మొదలగు ఇతర కారణములును ఉండవచ్చును. కాని కడుపునిండ పురుగులతో నున్న కోడికి టీకా వేయుటయు ఒక కారణమని సభ్యులు గుర్తింపవలెను.

అందుచే సుమారు 8 వారముల వయస్సున వేయు టీకాకు ఒక వారము ముందుగ పురుగుల మందు త్రాగించవలెను. ఒక విధముగ ఇది పంచాయతీకి అనుకూలమైనదే. టీకా సీసాలో సాధారణముగ 100 కోళ్లకు గాని అంతకు మించి గాని సరిపడు మందుండును. కలిపిన తరువాత ఒకటి రెండు గంటలలో వాడివేయవలెను. ఐదు కోళ్లున్న ఇల్లాలు ఒక్కతే సీసా తెప్పించుకొనజాలదు. పేటలోని ఇండ్లన్నియు కలిసిననే టీకా సాగును. ఎటులైన కలియవలసినప్పుడు, ఒక వారము ముందు పురుగుల మందునకును కలియుట కష్టము కాదు.

పేటకు ఒక దినము

అందరికి ఒకే దినమున మందు అను పద్ధతి మన గ్రామములకు క్రొత్త కాదు. 2015 నుండి జాతీయ నులిపురుగుల నిర్మూలన దినము పేర పిల్లలకు ఈ విధముగనే మాత్రలు ఇచ్చుచున్నారు. ఒక పిల్లవానికి ఇచ్చి పొరుగు పిల్లవానిని విడిచిన ప్రయోజనముండదని తల్లులకు తెలియును. ఆ ఉదాహరణము చెప్పిన యెడల కోళ్ల విషయము వేరుగ బోధింపనక్కరలేదు.

సంవత్సరమునకు రెండు పర్యాయములు, తొలకరికి ముందొకసారి, వానలు వెనుకపట్టిన తరువాత మరియొకసారి, పేట మొత్తమునకు మందు వేయించుట తక్కువలో తక్కువ చేయవలసినది. పీడ ఎక్కువగ నున్న చోట వైద్యుని సలహాపై మూడు నెలలకొకసారి వేయింపవచ్చును. రెట్ట పరీక్ష లేకుండ నెలనెల వేయించుట వలన మందు శక్తి తగ్గును గాని పురుగు తగ్గదు.

లెక్క చూడుడు. 60 ఇండ్ల పేటలో 300 కోళ్లున్నవనుకొందము. సగటు బరువు 1.2 కిలోలైనచో మొత్తము 360 కిలోలు. కిలోకు 10 మిల్లీగ్రాముల వంతున కావలసినది 3,600 మిల్లీగ్రాములు, 2.5 శాతము ద్రావకములో అది 144 మిల్లీలీటర్లు. ఒలికిపోవు దానితో కలిపి 200 మిల్లీలీటర్లు తెప్పించిన చాలును. ఒక పేటకంతకు కావలసినది ఒక చిన్న సీసా! పంచాయతీకి ఇది భారము కాదు. కష్టమంతయు కోళ్లను పట్టుటలో నున్నది.

ఈ పనిని స్వయంసహాయక సంఘముల స్త్రీలకు అప్పగించుట మేలు. కోళ్లు వారివి, ఏ ఇంట ఎన్ని కలవో వారికే తెలియును. ఇరువురు స్త్రీల చొప్పున ఐదు జతలు, సిరంజి పట్టు విధమును పశువైద్యశాల వారివద్ద ఒక పూట నేర్చుకొనిన యెడల, రెండు ఉదయములలో పేట పూర్తియగును. మన రెండు తెలుగు రాష్ట్రముల పంచాయతీలలోను సగము స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపబడియున్నవి. ఈ కార్యక్రమమునకు మహిళా సభ్యులే పూనుకొనవలెను. ఇంటి మగవారితో "కోళ్లను కట్టివేయుడు" అని చెప్పి వచ్చుట వలన పని జరుగదని అనుభవము గలవారికి తెలియును. ముందునాటి సాయంకాలము దండోరా గాని, మైకు గాని వేయించి, తెల్లవారి గంపలు తీయవద్దని చెప్పించవలెను. పందెపు పుంజులను ప్రాణముకంటె ఎక్కువగ చూచుకొనువారు తమ పుంజుకు మందు అక్కరలేదని వాదింతురు. ఆ పుంజు కూడ ఆ వీధిలోనే రెట్ట వేయునని వారికి నెమ్మదిగ చెప్పవలసియుండును.

నేల సంగతి

మందు ఒక ఉదయపు పని. నేల సంవత్సరమంతటి పని. వీధి ప్రక్క పెంటకుప్పలు, బోరింగు చుట్టును నిలుచు బురద, మురుగు కాలువ పొర్లు చోట్లు - పురుగు గ్రుడ్లు పెంపొందుటకు ఇంతకంటె అనువైన స్థలములు లేవు. బోరింగు వద్ద గట్టు కట్టించి నీరు పారునట్లు చేయుట, పెంటకుప్పలను గోతులలోనికి మార్పించుట పంచాయతీ ఎటులైన చేయవలసిన పనులే. కోళ్ల పేర చెప్పిన యెడల కొన్ని పర్యాయములు మనుష్యుల ఆరోగ్యము పేర చెప్పినదానికంటె త్వరగ జరుగును!

అనేక పంచాయతీలలో చెత్తనుండి ఎరువు తయారుచేయు షెడ్లు వెలసినవి. అచట వానపాముల ఎరువు తొట్లున్న యెడల వానిపై వల గాని, తడిక గాని తప్పక ఉండవలెను. పురుగు గ్రుడ్లను కడుపున దాచుకొను వానపాములు అన్ని ఒక్కచోట దొరకుటచే కోళ్లకు ఆ తొట్లు విందువంటివి.

ఇండ్లలో గూటిని నేలకు రెండడుగుల ఎత్తున వెదురు బద్దలతో కట్టించిన రెట్ట క్రిందికి జారిపోవును. కోడి దానిని త్రొక్కదు. గూడు లేనివారు గంపను ప్రతి దినము ఒకే చోట బోర్లింపక, ఎండ తగులు చోట్లకు మార్చుచుండవలెను. పిల్లల తల్లిని మొదటి రెండు నెలలు పాత పెంటకుప్ప ప్రక్కకు పోనీయక, శుభ్రమైన ఎండుగల వాకిటిలో తిప్పవలెను. మేతలో విటమిను 'ఎ' లోపించిన కోళ్లను పురుగులు హెచ్చుగ పీడించును. ఇందుకు ఖరీదైన మందులు అక్కరలేదు. తోటకూర, మునగాకు తరిగి తవుడులో కలిపి వేసిన చాలును.

మందు వేసిన 10 మొదలు 14 దినముల తరువాత పేటలో ఐదారు ఇండ్లనుండి రెట్ట తెప్పించి మరల పరీక్ష చేయించవలెను. పురుగు గ్రుడ్లు అప్పటికిని విరివిగ కనబడిన యెడల మోతాదులో లోపమో, మందునకు పురుగు లొంగకపోవుటయో వైద్యుడు తేల్చి, వచ్చు పర్యాయమునకు వేరు జాతి మందు వ్రాయును. ఇంటి నంబరు, కోళ్ల సంఖ్య, మందు వేసిన తేది, మందు పేరు, శాతము, టీకా తేది, రెట్ట పరీక్ష ఫలితము - ఇన్నియు పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకములో వ్రాసియుంచవలెను. రాబోవు తొలకరికి ముందు ఏ పేటకు ఎంత మందు తెప్పించవలెనో, ఏ ఇంటివారు కిందటిసారి తప్పిపోయిరో ఆ పుస్తకమును తిరగవేసి చూడవచ్చును.